వచ్చే ఏడాది ఎవరిది?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. సోమవారం రాత్రి జాతీయ ఫైనల్ అయిపోతే, మంగళవారం పొద్దుటికల్లా నార్త్ కరోలినాలో మాటలన్నీ వచ్చే ఏడాది మీదికి మళ్లుతాయి. డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా యూనివర్సిటీ, ర్యాలీలో ఎన్‌సీ స్టేట్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి గంటలోపు కారు ప్రయాణం. మూడూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోవే. అందరూ ఏసీసీ అంటారు. అక్కడి కేరీ, మోరిస్‌విల్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ సందడి కొత్తేమీ కాదు. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకోవడానికి ఒప్పందం చేసుకున్న వర్సిటీల లీగ్. బంతి గాల్లోకి లేవకముందే ఆ లీగ్ పట్టికలో ఎవరు ఎక్కడ తేలతారో చెప్పడం అక్కడ అందరికీ వ్యాపకం, కొందరికి వ్యాపారం.

ఈ జోస్యాల చరిత్రను మామూలుగా లెక్కలు పదునెక్కిన కథగా చెబుతారు. లెక్కలు పదునెక్కిన మాట నిజమే. కానీ అంచనాకు అసలు పునాది లెక్క కాదు. నిరుడు ఆడిన కుర్రాళ్లు ఈ ఏడాదీ ఉంటారు, ఒక ఏడు ముదిరి ఉంటారు అన్న నమ్మకమే పునాది. నిబంధనలు మారినప్పుడల్లా కదిలింది అదే.

ఏసీసీ 1953 మేలో గ్రీన్స్‌బరో దగ్గర ఏడు వర్సిటీలతో పుట్టింది. ఏడాది తిరక్కుండానే వర్జీనియా చేరి ఎనిమిదైంది. ఆ దశాబ్దం మధ్యకల్లా ప్రతి జట్టూ ప్రతి జట్టుతో సొంత ఊళ్లో ఒకసారి, పరాయి ఊళ్లో ఒకసారి, మొత్తం 14 ఆటలు ఆడే పద్ధతి కుదిరింది. జోస్యం చెప్పేవాడికి ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఉండదు. 1957లో నార్త్ కరోలినా ఆ 14కు 14 గెలిచి, సీజన్ మొత్తం 32-0తో జాతీయ టైటిల్ పట్టుకుపోయింది.

పట్టిక చివరి మాట మాత్రం కాదు. సీజన్ ఆఖరున జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచిన ఒక్క జట్టుకే అప్పట్లో జాతీయ పోటీలో చోటు. 1974 ఫైనల్లో మేరీల్యాండ్ అదనపు సమయం దాకా పోరాడి ఎన్‌సీ స్టేట్ చేతిలో 103-100తో ఓడింది. దేశంలోని మేటి జట్లలో ఒకటైన ఆ జట్టుకు జాతీయ పోటీ గడప తొక్కే అవకాశం రాలేదు. మరుసటి ఏడాదే పోటీని 32 జట్లకు పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటికి మించి జట్లను రానిచ్చారు. అప్పటి నుంచి ముందస్తు అంచనాల్లో మొదటి స్థానానికే కాదు, నాలుగో ఐదో స్థానాలకూ విలువొచ్చింది. అక్కడిదాకా వచ్చినా జాతీయ పోటీ మీద ఆశ ఉంటుంది మరి.

ఆ పాత రోజుల్లో అంచనా తేలిక కావడానికి అసలు కారణం వేరే ఉంది. 1972 దాకా మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. వాళ్లకు వేరే జట్టు, వేరే ఆటలు. వచ్చే ఏడాది జట్టులోకి ఎవరు వస్తారో తెలియాలంటే ఈ ఏడాది ఫ్రెష్‌మన్ ఆటలకు వెళ్లి కూర్చుంటే చాలు. దీనికి మచ్చుతునక ఏసీసీలో లేదు, దేశానికి అవతలి ఒడ్డున ఉంది. 1965 నవంబర్ 27న లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్ఏ తన కొత్త ఇండోర్ స్టేడియం పాలీ పెవిలియన్ తలుపులు తెరిచి, ప్రధాన జట్టుకూ ఫ్రెష్‌మన్ జట్టుకూ ఆట పెట్టింది. ప్రధాన జట్టు వరసగా రెండేళ్లు జాతీయ విజేత. అసోసియేటెడ్ ప్రెస్ ముందస్తు ర్యాంకుల్లో దేశంలోకెల్లా మొదటిది. అవతల లూ అల్సిండర్ అనే ఏడడుగుల కుర్రాడు. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచమెరిగినవాడు. 31 పాయింట్లు, 21 రీబౌండ్లు అతనివే. ఫ్రెష్‌మన్ జట్టు 75-60తో గెలిచింది.

ఆ రాత్రి అక్కడున్నవాళ్లకు రెండు సీజన్ల భవిష్యత్తు ఒకేసారి కనిపించింది. ప్రధాన జట్టు ఆ ఏడాది 18-8తో సరిపెట్టుకుంది, కాన్ఫరెన్స్ టైటిల్ ఒరెగాన్ స్టేట్‌కు పోయింది. మరుసటి ఏడాది అల్సిండర్ వచ్చాక యూసీఎల్ఏ 30-0. ఏసీసీలో ఎన్‌సీ స్టేట్ అభిమానులు డేవిడ్ థాంప్సన్ విషయంలో ఇదే చూశారు. 1971-72లో ఫ్రెష్‌మన్ జట్టులో అతని ఎగురుడు చూసినవాళ్లకు, మరుసటి ఏడాది జట్టు 27-0తో ముగిస్తే ఆశ్చర్యం కలగలేదు.

1972లో ఆ నిబంధన పోయింది. హైస్కూల్ నుంచి వచ్చిన పిల్లవాడు నేరుగా కోర్టులో దిగొచ్చు. 1974లో ఫిల్ ఫోర్డ్ అనే ఫ్రెష్‌మన్‌ను సీజన్ మొదటి ఆటకే దింపి నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ తన పాత పద్ధతి మార్చుకున్నాడు. అయినా అంచనాలు చెదిరిపోలేదు. పిల్లలు నాలుగేళ్లూ ఉండేవాళ్లు. నార్త్ కరోలినాలో స్మిత్ సీనియర్లకు పెద్దపీట వేసేవాడు. 1965 నుంచి 1997 దాకా వరసగా 33 ఏళ్లు ఆ జట్టు ఏసీసీ మొదటి మూడు స్థానాల్లోంచి కిందికి దిగలేదు. ఒక తరం పత్రికా రచయితలు అంచనా పట్టికలో ఆ గడిని ఆలోచించకుండానే నింపేశారు.

ఆ స్మిత్ దగ్గరే ఇప్పటి లెక్కల విత్తనమూ ఉంది. ఆటకు ఎన్ని పాయింట్లు చేశామన్నది అతనికి ముఖ్యం కాదు. బంతి చేతికి వచ్చిన ఒక్కో దఫాకు ఎన్ని చేశామన్నదే కొలత. నెమ్మదిగా ఆడే జట్టును, పరుగులు పెట్టే జట్టును ఒకే తూకంలో వేయడానికి అంతకంటే దారి లేదు. మిగతావాళ్లకు అది అలవాటు కావడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా అంచనాలు కాగితం మీదికెక్కాయి. 1981లో వెస్ట్ వర్జీనియా కుర్రాడు క్రిస్ వాలెస్ మొదలుపెట్టిన బ్లూ రిబ్బన్ ఇయర్‌బుక్‌ను కోచ్‌లూ విలేకరులూ దగ్గర పెట్టుకుని చదివారు. తర్వాత అతను వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో జట్ల నిర్వహణలోకి వెళ్లాడు. ఆ కాలపు ఏ పత్రిక తెరిచినా ముందుగా వెతికేది ఒకే గడి: నిరుడు మొదటి ఐదుగురిలో ఆడినవాళ్లు ఎందరు తిరిగొస్తున్నారు? నలుగురైతే పైకి, ఇద్దరైతే కిందికి. మోటు కొలతే, కానీ ఆ రోజులకు సరిపోయింది.

1990ల నుంచి ఆ గడి వట్టిపోవడం మొదలైంది. ఎన్‌బీఏ డబ్బు పిలుస్తుంటే నాలుగో ఏడు దాకా ఎవరాగుతారు? 1999 డ్యూక్ ఏసీసీలో 16కు 16 గెలిచి జాతీయ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. ఆ వేసవిలో ఎల్టన్ బ్రాండ్, విలియం ఎవరీ, కోరీ మాగెట్ చదువు మధ్యలోనే ఎన్‌బీఏ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు వెళ్లిపోయారు. డ్యూక్‌లో అంతకుముందు అలా వెళ్లినవాడు లేడు. కొత్త పిల్లలతో మరుసటి సీజన్ మొదటి రెండు ఆటలూ ఓడి, అదే జట్టు ఏసీసీలో 15-1తో మళ్లీ మొదటి స్థానంలో నిలిచింది. తిరిగొచ్చేవాళ్లతో పాటు వచ్చిచేరేవాళ్లనూ అంతే జాగ్రత్తగా తూచాలని ఆ సీజన్ నేర్పింది. 2006 డ్రాఫ్ట్ నుంచి హైస్కూల్ పిల్లలు నేరుగా ఎన్‌బీఏకు వెళ్లకూడదన్నారు. దాంతో ఒక్క ఏడాది ఆడి వెళ్లిపోయే చుట్టపుచూపు ఆటగాళ్లు పెరిగారు.

2004 నుంచి ఏసీసీ కొత్త సభ్యులను చేర్చుకుంటూ పోయింది. అందరూ అందరితో రెండుసార్లు ఆడే పద్ధతి పోయింది. షెడ్యూల్ ఎవరికి కలిసొచ్చిందన్నది కూడా అంచనాలో భాగమైంది.

లెక్కల మనిషి సరిగ్గా అప్పుడే వచ్చాడు. కెన్ పోమెరాయ్ అప్పట్లో వృత్తి రీత్యా వాతావరణ శాస్త్రవేత్త. స్మిత్ నమ్మిన దఫాల లెక్కను దేశంలోని ప్రతి జట్టుకూ కట్టి రోజూ వెలువరించాడు. ముందస్తు ర్యాంకులూ ఇచ్చాడు. నిరుటి బలం, తిరిగొచ్చేవాళ్లు ఆడిన నిమిషాలు, కొత్తవాళ్ల స్థాయి, అన్నీ కలిపి ఒక అంకె. నిమిషాల లెక్క చూస్తే ఆ పద్ధతి అందం తెలుస్తుంది. ఆటకు 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే 200. నిరుడు ఆ 200లో 130 ఆడినవాళ్లు ఉండిపోతే 65 శాతం జట్టు చేతిలో ఉన్నట్టు. ‘నలుగురు తిరిగొస్తున్నారు’ అనే పాత మాట కంటే ఇది ఎంతో నిక్కచ్చి.

వర్జీనియా ఈ దఫాల కొలతకు తగిన జట్టు. కోచ్ టోనీ బెనెట్ కుర్రాళ్లు తాపీగా ఆడేవారు కాబట్టి ఆటకింత అని చూస్తే పాయింట్లు ఆనేవి కావు. 2017-18కి ముందు విలేకరులు ఆ జట్టును ఏసీసీలో ఆరో స్థానంలో పెట్టారు. అది 17-1తో లీగ్ గెలిచింది. తర్వాత జాతీయ పోటీలో టాప్ సీడ్‌గా దిగి, అన్నిటికంటే కిందిదైన 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నమెంట్‌లో అంతకుముందెప్పుడూ జరగని ఓటమి అది. ఆ దెబ్బ తిన్న పిల్లల్లో ముఖ్యులు ఉండిపోయారు. 2019లో జాతీయ టైటిల్ గెలిచారు. పాత పునాది మీద కట్టిన ఆశ ఎలా ఉంటుందో చూడాలంటే నేను ఆ జట్టునే చూపిస్తాను.

2018 అక్టోబర్‌లో, వర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో వర్సిటీ మారితే ఒక ఏడాది కూర్చోవాలన్న షరతు తీసేశారు. అదే ఏడాది జులైలో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. పిల్లలకు ఇది న్యాయం. కోచ్‌లు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోతున్నప్పుడు పిల్లలను మాత్రమే కట్టిపడేయడం తప్పు. జోస్యం చెప్పేవాడి కాళ్ల కింద నేల మాత్రం జారిపోయింది.

2022 నార్త్ కరోలినా జాతీయ ఫైనల్లో కాన్సస్ చేతిలో 72-69తో ఓడింది. ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. ఏ కొలతతో చూసినా మొదటి స్థానమే. దేశమంతా అదే ఇచ్చింది. తిరిగిరాని ఐదోవాడు బ్రాడీ మానెక్ దూరం నుంచి బంతి వేసే పొడగరి. అతనికి భయపడి ప్రత్యర్థులు రింగు దగ్గర చోటు వదిలేవారు. ఆ చోటు మూసుకుపోయాక మిగతా నలుగురికీ ఊపిరాడలేదు. జట్టు ఏసీసీలో 11-9తో ఆగింది. 1985లో జాతీయ పోటీ 64 జట్లకు పెరిగాక, ముందస్తు మొదటి ర్యాంకుతో మొదలై ఆ పోటీకే చేరని మొదటి జట్టు ఇదే.

దీనికి పూర్తి విరుద్ధం లూయీవిల్. 2023-24లో 8-24తో ఏసీసీలో అట్టడుగున పడింది. కోచ్ మారాడు. దాదాపు జట్టంతా కొత్తవాళ్లతో నిండింది. మరుసటి ఏడాది పాట్ కెల్సీ శిక్షణలో లీగ్‌లో 18-2. తిరిగొచ్చిన నిమిషాల లెక్క చూసి ఆ 18 గెలుపులను ఊహించే దారే లేదు.

ఇక 2024 మార్చి. ఎన్‌సీ స్టేట్ పట్టికలో పదోది. టోర్నమెంట్ గెలవాలంటే ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలవాలి. సెమీస్‌లో వర్జీనియా మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, చివరి క్షణాల్లో ఆ జట్టువాడు ఫ్రీ త్రో చేజార్చాడు. ఎన్‌సీ స్టేట్ ఆటగాడు మైకేల్ ఓకానెల్ పరిగెత్తుకుంటూ వచ్చి విసిరిన బంతి బోర్డుకు తగిలి లోపల పడింది, గంట మోగింది. అదనపు సమయంలో గెలిచి, మర్నాడు నార్త్ కరోలినాను 84-76తో ఓడించి, ఆ ఊపులో జట్టు జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఓకానెల్ స్టాన్‌ఫర్డ్ నుంచి వలస వచ్చినవాడు.

2025 జులై నుంచి వర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది అన్ని క్రీడలకూ కలిపి ఒక్కో వర్సిటీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి. ఎవరికెంత ఇస్తున్నారో చాలా వర్సిటీలు బయటపెట్టవు. వచ్చే ఏడాది బలాబలాలు తేల్చే అంకె ఇదే కావచ్చు, అంచనా వేసేవాళ్లకు అందనిదీ ఇదే. అందుకే ఇప్పుడు అక్టోబర్‌లో వెలువడే అంచనా పట్టిక చేతికొస్తే నేను తిరిగొచ్చేవాళ్ల గడి కంటే ముందు కోచ్ పేరు చూస్తాను. కొత్తవాళ్లను చేరదీసి మూడు నెలల్లో జట్టుగా కుదర్చడం అతనికి ఇంతకుముందు చేతనైందా అని వెతుకుతాను. తర్వాత షెడ్యూల్. ఏసీసీలో ఇప్పుడు 18 జట్లు, 2025-26 నుంచి 18 లీగ్ ఆటలు. డ్యూక్‌తో రెండుసార్లు తలపడాల్సిన జట్టుకూ, ఒక్కసారితో బయటపడే జట్టుకూ మధ్య ఒక్క గెలుపు తేడా వచ్చినా పట్టికలో రెండు మూడు మెట్లు అటూ ఇటూ అవుతాయి.