తూటా బరువు

టోలిచౌకి పేరులోనే ఒక సైనిక కాపలా ఉంది. టోలి అంటే జట్టు, చౌకి అంటే ఠాణా. గోల్కొండ దారిలో కుతుబ్‌షాహీల పటాలం ఒకటి ఇక్కడ కాపలా ఉండేదని మన పెద్దలు చెప్పేవారు. ఇప్పటికీ ఒక పక్క ఆర్టిలరీ సెంటర్ ఉంది, 1962 నుంచి. ఇంకో పక్క ఫిల్మ్‌నగర్. అక్కడి సినిమాల్లో హీరో తుపాకీలో తూటాలు ఎప్పటికీ అయిపోవు. నేను రాయబోయేది అయిపోయే తూటాల గురించి. సావనీరుకు చరిత్ర వ్యాసం అడిగితే గ్రాములు, మీటర్లు లెక్క పెడుతున్నాడేమిటని మన సోషల్ టీచర్లు అనుకోవచ్చు. మెకానికల్ ఇంజనీరుకు తెలిసిన చరిత్ర ఇదే మరి.

తెలుగునాట తూటా విలువ తెలియాలంటే మన్యానికి వెళ్లాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు దళానికి దొరికినవి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు. మనకు గుర్తుండేది తుపాకుల సంఖ్య. భాగించి చూడండి, తుపాకీకి నిండా వంద తూటాలు కూడా రావు. అవి అయిపోతే తయారు చేసుకోవడానికి కర్మాగారం లేదు, కొనడానికి అంగడి లేదు. ఇంకో స్టేషన్ మీద పడాల్సిందే. తెల్లదొరలకు ఈ లెక్క త్వరగానే అర్థమైంది. అక్టోబరులో దళం అడ్డతీగల స్టేషన్‌కు చేరేసరికి అక్కడ పట్టుకెళ్లడానికి ఆయుధాలు మిగల్లేదు, ముందే తరలించేశారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కూల్చిన దళం ఆ తర్వాత అంతటి దెబ్బ మళ్లీ తీయలేకపోయింది. మలబార్ స్పెషల్ పోలీసు రావడం ఒక కారణం. తూటాల కరువు అంతకంటే చిన్న కారణమేమీ కాదని నా అభిప్రాయం.

ఏ తూటా ఎవరి చేతికి ఇవ్వాలన్నది తెల్లవాళ్లు 1857 నుంచే బాగా ఆలోచించారు. తిరుగుబాటు తర్వాత చాలాకాలం సిపాయిలకు ఒక తరం పాత తుపాకీనే ఇచ్చారు. గోరా సైనికుడు మార్టినీ–హెన్రీ పట్టుకున్న రోజుల్లో సిపాయికి స్నైడర్, గోరాకు కొత్త మ్యాగజైన్ రైఫిల్ వచ్చాక సిపాయికి మార్టినీ. ఇంకో తెలివి కూడా చూపించారు. ఈషాపూర్ కర్మాగారంలో త్రీ నాట్ త్రీ రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చారు. నున్నని గొట్టం, ఒక్కసారికి ఒకే తూటా, దగ్గరి దూరానికే పనికొస్తుంది. ఎవరైనా లాక్కుపోయినా అందులో సైన్యం తూటా పట్టదు. తూటా కొలతను శత్రువును బట్టి కాకుండా సొంత మనుషుల మీద అనుమానాన్ని బట్టి నిర్ణయించడం అంటే ఇదే.

మన గడ్డకు సంబంధించినదే మరో ముచ్చట. 1895లో చిత్రాల్ దండయాత్రలో కొత్త .303 తూటా మనిషి ఒంట్లోంచి సూదిలా దూరి పోతోందని, తగిలినా శత్రువు ఆగడం లేదని సైనికులు ఫిర్యాదు చేశారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో తూటా ముక్కు దగ్గర రాగి తొడుగు తీసేసి, ఒంట్లో విచ్చుకునేలా చేశారు. ఆ గాయాలు చూసి ప్రపంచం గగ్గోలు పెట్టింది. 1899లో హేగ్ సమావేశం అలాంటి తూటాలను యుద్ధంలో వాడకూడదని ప్రకటించింది. అందుకే ఈనాటికీ సైన్యాలు నిండు తొడుగు ఉన్న తూటాలనే వాడుతున్నాయి.

ఇక మన సైన్యం. 1962లో హిమాలయాల్లో మన జవాన్ల చేతిలో ఉన్నది ఒక్కో తూటాకు బోల్టు లాగి కాల్చాల్సిన త్రీ నాట్ త్రీ. ఎదుటివాళ్ల దగ్గర సెమీ ఆటోమేటిక్ ఉంది. ఆ తర్వాత 7.62×51 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ వచ్చింది. గట్టి తూటా, సుమారు 9.4 గ్రాముల గుండు సెకనుకు 830 మీటర్ల పైన పోతుంది. తన్ను కూడా అలాగే ఉంటుంది, వరసగా కాలిస్తే గొట్టం ఆకాశం చూస్తుంది. పైగా ప్రపంచ యుద్ధాల అనుభవం ఇంకో మాట చెప్పింది: కాల్బలం కాల్పులు ఎక్కువగా 300, 400 మీటర్లలోపే జరుగుతాయి. అంత దూరానికి ఇంత మందు ఎందుకు? ఈ ప్రశ్న నుంచే 5.56 పుట్టింది. మన ఇన్సాస్ 1990ల చివర్లో సైనికుల చేతికి వచ్చింది. దాని తూటాలు ఇక్కడ సరిపడా తయారు కాక మొదట్లో ఇజ్రాయెల్ నుంచి కొనాల్సి వచ్చింది. రైఫిల్ గీయడం కంటే తూటాల లైన్ నిలబెట్టడమే కష్టమని ఏ ప్రొడక్షన్ ఇంజనీరును అడిగినా చెబుతాడు.

5.56 ఎందుకంటే, శత్రువు చావకుండా గాయపడితే వాణ్ని మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి కాబట్టి అంటారు చాలామంది. ఈ మాట నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. తూకం వేసి చూస్తే చాలు. 7.62 నాటో తూటా ఒకటి 24 గ్రాములు, 5.56 ఒకటి 12 గ్రాములు. అదే బరువుకు రెట్టింపు తూటాలు. కొండ ఎక్కే జవానుకు నీళ్లు, తిండి, చలి బట్టలు కూడా వీపు మీదే ఉంటాయి.

అయినా మనవాళ్లు వెనక్కి మళ్లారు. నియంత్రణ రేఖ దగ్గర, లోయకు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు కాల్చే చోట, చిన్న గుండు దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. ఉగ్రవాదితో ముఖాముఖి తలపడ్డప్పుడు ఒక్క దెబ్బకు పడకపోతే, వాడు మళ్లీ ట్రిగ్గర్ నొక్కే ఆ క్షణంలో మనవాడి ప్రాణం పోతుంది. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం జరిగింది, మళ్లీ 7.62×51. మిగతావాళ్లకు అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే–203, 7.62×39. ఈ రెండోది మధ్యే మార్గం: తూటా 16 గ్రాముల పైచిలుకు, దూరం తక్కువ, దగ్గర్లో దెబ్బ గట్టిది. నన్నడిగితే అందరికీ ఒకటే తూటా అనే పాత పట్టుదల వదలడమే ఇందులో తెలివైన పని.

స్నైపర్ లెక్క పూర్తిగా వేరు. అతను మోసే తూటాలు కొన్నే, కాబట్టి బరువు బెంగ తక్కువ. అతనికి కావాల్సింది ప్రతి తూటా ముందు దానిలాగే పోవడం. మందు తూకంలో పిసరంత తేడా వచ్చినా కిలోమీటరు దూరంలో గురి జానెడుకు పైగా తప్పుతుంది. ఇంకో చిక్కు ధ్వని వేగం. గుండు వేగం దానికి దగ్గరగా పడిపోయేటప్పుడు తడబడుతుంది. 7.62 నాటోకు ఇది 800, 900 మీటర్ల దగ్గర మొదలవుతుంది. మన స్నైపర్లు ఏళ్ల తరబడి వాడిన డ్రాగునోవ్ తూటా 1891 నాటి రష్యన్ నమూనా, 800 మీటర్లు దాని హద్దు. 2019లో ఉత్తర సరిహద్దుకు .338 లపువా మాగ్నమ్ రైఫిళ్లు వచ్చాయి. 16 గ్రాముల గుండు, సెకనుకు దాదాపు 900 మీటర్లు. శక్తి 7.62 నాటోకు రెట్టింపు. గాలిని చీల్చుకుంటూ 1,200 మీటర్ల దాకా నిలకడగా పోతుంది. వాహనాల వంటి గట్టి లక్ష్యాల కోసం వాటితో పాటు .50 బారెట్ కూడా వచ్చింది.

ఇప్పుడు సరిహద్దు పోస్టుకు వెళ్లే గాడిదలు, కంచర గాడిదల మీద ఇన్సాస్‌కు 5.56, సిగ్‌కు ఒక 7.62, ఏకేకు ఇంకో 7.62, డ్రాగునోవ్‌కు మూడో 7.62, కొత్త స్నైపర్‌కు .338 పెట్టెలు విడివిడిగా కట్టాలి. మూడు 7.62 తూటాలూ ఒకదానిలో ఒకటి పట్టవు. పెట్టె మీద అచ్చు వేసిన అంకెలు చీకట్లో, మంచులో సరిగ్గా చదివి దింపాల్సింది అక్కడి క్వార్టర్ మాస్టర్ హవల్దారే.