చాటుటకు ఎదుటి మాటలు : బస్తర్ రాజవంశ సాక్ష్యం

'చాటుట' అనే క్రియకు వ్యతిరేకార్థకం 'కాదనుట' అని సాధారణంగా భావిస్తారు. అయితే చెప్పకుండుట, విడుచుట, గుర్తింపు ఉపసంహరించుట కూడా దానికి ఎదురు నిలిచేవే. వీటి భేదాన్ని గమనించనప్పుడు చరిత్ర పఠనం దారి తప్పుతుంది. బస్తర్ రాజవంశ గాథ ఇందుకు మంచి నిదర్శనం.

దంతెవాడలోని దిక్పాలదేవుని శాసనం 1703 నాటిది. అది సంస్కృతంలో ఒక రాతిపై, దేశభాషలో మరొక రాతిపై ఉంది. కలియుగంలో సంస్కృతం చదివేవారు కొద్దిమందే ఉంటారు గనుక భాషలోనూ వ్రాయించినట్లు అందులోనే చెప్పబడింది. తాము సోమవంశజులమనీ, అర్జునుని సంతతివారమనీ, కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి వచ్చి బస్తర్‌కు రాజైనాడనీ ఆ పాలకులు అందులో చాటుకున్నారు. ఒక్క వాక్యంలోనే విడుచుట, పొందుట జంటగా నిలిచాయి.

ఓరుగల్లు కాకతీయుల తీరు వేరు. గణపతిదేవుని మోటుపల్లి శాసనం సూర్యవంశాన్ని పేర్కొన్నది. ఆయన సేనాని మల్యాల గుండన శాసనాలు తన ప్రభువులను చతుర్థకులజులుగానే కీర్తించాయి. మిగిలిన శాసనాలలో అధిక భాగం వర్ణాన్ని ప్రస్తావించనేలేదు. ఈ మౌనం క్షత్రియత్వాన్ని నిరాకరించుట కాదు, అంగీకరించుటా కాదు. ఆ రాజ్యంలో ప్రతిష్ఠకు వర్ణప్రకటన అనివార్యం కాలేదని మాత్రమే దాని వల్ల ఊహించవచ్చు. అలాగే 1323లో ఓరుగల్లు పతనమైన 380 ఏళ్లకు వెలువడిన ప్రకటన ఆలస్యమైనదన్న కారణంతోనే అసత్యం కాజాలదు. రాతిపై చెక్కబడినంత మాత్రాన రుజువూ కాజాలదు.

1948లో బస్తర్ సంస్థానం భారతదేశంలో విలీనమైంది. ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ రాజ్యాధికారాన్ని విడిచినా మహారాజు అన్న గుర్తింపు మిగిలింది. 1961లో ప్రభుత్వం ఆ గుర్తింపును ఉపసంహరించి ఆయన సోదరుడు విజయ్‌చంద్రకు ఇచ్చింది. ఆదివాసులు మాత్రం తమ గుర్తింపును ఉపసంహరించలేదు. ప్రవీర్‌చంద్రను తిరిగి గుర్తించాలని కోరుతూ లోహండిగూడలో గుమిగూడిన వారిపై ఆ సంవత్సరమే కాల్పులు జరిగాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీర్‌చంద్ర మరణించారు. పలువురు ఆదివాసులు కూడా ప్రాణాలు కోల్పోయారు.

ఉత్తర్వుతో రద్దయ్యేది ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు. ప్రజలు ఇచ్చినదానిని ప్రజలే ఉపసంహరించాలి. ఈ రెండు క్రియల కర్తలు వేరన్న సంగతిని బస్తర్ చరిత్ర అపార మూల్యంతో తెలియజేసింది.