మోటారు ప్రమాద నష్టపరిహార అర్జీలలో సవరణలు – మదనపల్లె, పుంగనూరు, కుప్పం కక్షిదారులు గమనించవలసిన అంశాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు మూడూ 42వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. తమిళనాడులోని కృష్ణగిరి వరకు సాగే ఈ మార్గంలో పొరుగు రాష్ట్రాల వాహనాల రాకపోకలు అధికం. ప్రమాదం జరిగిన వెంటనే చెప్పే వివరాలలో వాహనం నెంబరు, యజమాని పేరు, బాధితుని వయస్సు పొరపాటుగా నమోదయ్యే అవకాశం ఉంది. అవే వివరాలు నష్టపరిహార అర్జీలో చేరినపుడు, సకాలంలో సవరించుకొననిచో బాధిత కుటుంబం నష్టపోవలసి వస్తుంది.

అర్జీ దాఖలు: మోటారు వాహనాల చట్టం, 1988లోని 166(2) సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోట, అర్జీదారు నివసించే లేదా వ్యాపారం చేసే చోట, లేదా ప్రతివాది నివసించే చోట గల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. కృష్ణగిరిలో ప్రమాదానికి గురైన కుప్పం వాసి తన నివాస ప్రాంతంపై అధికార పరిధి గల ట్రిబ్యునల్‌లోనే అర్జీ వేసుకొనవచ్చును.

సవరణకు ఆధారం: 169వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునళ్లు సంక్షిప్త విచారణ పద్ధతిని అనుసరిస్తాయి. సవరణల విషయంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 6వ ఆర్డరు 17వ నియమంలోని సూత్రాలు మార్గదర్శకంగా ఉంటున్నాయి. విచారణ ప్రారంభమైన పిదప కోరే సవరణకు, తగిన శ్రద్ధ వహించినప్పటికీ ముందుగా ఎందుకు కోరలేకపోయినదీ వివరించవలసి ఉంటుందని 2002లో అమలులోకి వచ్చిన నిబంధన తెలుపుతున్నది.

పరిహారం మొత్తం: నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో కీలకమైన తీర్పు ఇచ్చింది. అర్జీలో కోరిన మొత్తం గరిష్ఠ పరిమితి కాదని, సాక్ష్యాధారాలను బట్టి న్యాయమైన పరిహారం నిర్ణయించడం ట్రిబ్యునల్ బాధ్యత అని, ఎదుటి పక్షానికి అన్యాయం జరగనపుడు సవరణను అనుమతించవచ్చునని స్పష్టం చేసింది. రామ్లా కేసులో 2018లో ఇదే సూత్రాన్ని పునరుద్ఘాటించింది. అదనపు మొత్తంపై కోర్టు ఫీజు చెల్లించవలసి ఉంటుంది.

వయస్సు, ఆదాయం: సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఆమోదించిన పట్టిక ప్రకారం మృతుని వయస్సు 36–40 సంవత్సరాలైతే గుణకం 15, 41–45 అయితే 14. కుటుంబానికి ఏటా అందే ఆదాయం రూ.60,000 అనుకొంటే ఈ ఒక్క తేడా వలన పరిహారం రూ.9,00,000 నుంచి రూ.8,40,000కు తగ్గుతుంది. కనుక పాఠశాల ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం వంటి ఆధారాలను సవరణ దరఖాస్తుతో జతపరచడం అవసరం.

వాహనం, బీమా సంస్థ: వాహనం నెంబరు మార్పును ట్రిబ్యునళ్లు నిశితంగా పరిశీలిస్తాయి. ఎఫ్.ఐ.ఆర్., అభియోగపత్రం, మోటారు వాహన తనిఖీ నివేదిక పరస్పరం పొసగాలి. కొత్తగా చేర్చిన యజమానికి, బీమా సంస్థకు నోటీసు ఇచ్చి, కౌంటరు దాఖలుకు అవకాశం కల్పించాలి.

కాలపరిమితి: 1994 నవంబరు 14 నుంచి అర్జీలకు కాలపరిమితి తొలగించబడింది. 2019 సవరణ చట్టం ద్వారా ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి తిరిగి అమలులోకి వచ్చింది. దీనిని సవాలు చేసిన వ్యాజ్యంలో, గడువు దాటిందన్న కారణంతో అర్జీలను కొట్టివేయరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినప్పటికీ ఆరు నెలలలోపు అర్జీ వేసి, లోపాలను వెంటనే సవరించుకొనడమే క్షేమదాయకం.

ఉచిత న్యాయసహాయం: న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ క్రింద మహిళలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చును. ఇందుకు స్థానిక మండల న్యాయ సేవా కమిటీని గాని, 15100 నెంబరును గాని సంప్రదించవచ్చును.