వస: మూర్ఛ నిరోధక పరీక్షలు

వస చిత్తడి నేలల్లో పెరిగే దుంప మొక్క. పసిపిల్లల నాలుకకు అరగదీసి రాసే వసకొమ్ము ఇదే. ఆయుర్వేదం దీన్ని అపస్మారానికి, అంటే మూర్ఛకు, మందుగా చెప్పింది. అరకు వంటి తూర్పు కనుమల ప్రాంతాల నాటువైద్యానికీ పరిచితమే.

ప్రయోగశాలలో కొమ్ము సారాన్ని ఎలుకకు ఇచ్చి, మూర్ఛ తెప్పించడానికి సాధారణంగా 150 మిల్లీఆంపియర్ల కరెంటును 0.2 సెకన్లు పెడతారు. వెనక కాళ్లు బిగుసుకోకపోతే రక్షణ దొరికినట్టు. 1938లో మెరిట్, పుట్నం అనే పరిశోధకులు ఫెనిటోయిన్ అనే మందుకు మూర్ఛను ఆపే గుణం ఉందని తేల్చిందీ పిల్లులపై ఇలాంటి విద్యుత్ పరీక్షతోనే. పెంటిలిన్‌టెట్రజోల్ అనే రసాయనపు సూదితో మూర్ఛ తెప్పించి చూడటం రెండో పద్ధతి. సారం వట్టి మత్తు కలిగిస్తోందేమో తేల్చడానికి ఎలుకను తిరిగే కడ్డీపై నిలబెడతారు. ఈ పరీక్ష లేని ఫలితాన్ని నమ్మలేం.

వసలోని ఆల్ఫా-అసరోన్ అనే రసాయనం జంతువుల్లో మూర్ఛను అణచింది. అందులోనే ఉండే బీటా-అసరోన్ మాత్రం ఎలుకల్లో కణితులు కలిగించింది. దాంతో 1968లో ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని అమెరికా నిషేధించింది. మూర్ఛ రోగులు వసను నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్రలు మానకూడదు.