కిండర్ కొండ ఎక్కినందుకు జైలు

ఆదివారం వస్తే చాలు, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల జనం రైలెక్కి డెర్బీషైర్ కొండలకు బయలుదేరతారు. ఎడేల్ అనే చిన్న స్టేషన్‌లో దిగి, బూట్ల లేసులు బిగించుకుని కొండదారి పడతారు. ఎవరూ ఆపరు, టికెట్టు అడగరు. ఆ కౌంటీలోకెల్లా ఎత్తైనది కిండర్ స్కౌట్, 636 మీటర్లు. 1932లో అదే కొండ మీదికి నడిచిన కుర్రాళ్లు జైలుపాలయ్యారు.

కిండర్ పైకి చేరితే కొసదేరిన శిఖరమంటూ కనిపించదు. కనుచూపు మేరా బల్లపరుపు నేల. వేల ఏళ్లుగా నాచు పేరుకుని ఏర్పడిన నల్లటి పీట్ అది. వాన పడితే దమ్ము చేసిన వరిమడిలా కాలు దిగబడుతుంది. పడమటి అంచున కిండర్ డౌన్‌ఫాల్ అనే జలపాతం ఉంది. ఎదురుగాలి బలంగా వీచిన రోజున నీరు కిందికి పడకుండా పైకి లేస్తుంది. ఆ తుంపర చాలా దూరం నుంచే తెల్లగా కనిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఉమ్మడి భూములు పెద్ద భూస్వాముల చేతుల్లోకి పోయాక ఈ నేల గ్రౌస్ పక్షుల వేటకు కేటాయింపయింది. వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరులో ముగుస్తుంది. జనం మీద నిషేధం మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. గేమ్‌కీపర్లు అనే కాపలాదారులు కర్రలు పట్టుకుని తిరిగేవారు. అప్పట్లో కిండర్‌లో పెద్ద భాగం డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కుటుంబానిది. అదే కౌంటీలో ఆ కుటుంబానికున్న చాట్స్‌వర్త్ భవనమూ, జోసెఫ్ పాక్స్టన్ తీర్చిన తోటలూ చూడటానికి మామూలు జనాన్ని రానిచ్చేవారు. 1849లో దగ్గరలోని రౌస్లీ దాకా రైలు వచ్చాక, ఆ ఒక్క వేసవిలోనే దాదాపు 80,000 మంది వచ్చి చూశారని లెక్క. పూలతోటలోకి వేలాది మందిని రానిచ్చినవారు, ఏమీ పండని బీడుకొండ మీద ఒక్కణ్ణీ తిరగనివ్వలేదు!

మిల్లుల పొగలో వారమంతా పనిచేసే మనిషికి ఆదివారం ఒక్కటే సెలవు. చవక రైలు టికెట్టుతో అందే దూరంలో కొండలున్నాయి, కానీ కాలు పెట్టడానికి వీల్లేదు. ఈ బాధ 1932లో కొత్తగా పుట్టింది కాదు. కిండర్ దగ్గరి హేఫీల్డ్ గ్రామంలో పాత కాలిబాటలు కాపాడుకోవడానికి 1876లోనే సంఘం పెట్టారు. కొండలపై అందరికీ ప్రవేశం ఇవ్వాలంటూ 1884లో జేమ్స్ బ్రైస్ పార్లమెంటులో పెట్టిన బిల్లు వీగిపోయింది. 1894లో ఏర్పడిన మరో సంఘం భూస్వాములతో ఓపిగ్గా మాట్లాడి, 1897లో కిండర్ పక్కగా పోయే స్నేక్ పాత్ అనే ఒక్క బాటను తెరిపించుకోగలిగింది. బాట దిగితే మళ్లీ నిషేధమే.

ఆ ఓపిక కొత్త తరానికి లేకపోయింది. 1932 వసంతంలో బ్రిటిష్ వర్కర్స్ స్పోర్ట్స్ ఫెడరేషన్ కుర్రాళ్లు కొందరు దగ్గరలోని బ్లీక్లో కొండ మీదికి వెళ్తుంటే గేమ్‌కీపర్లు అడ్డుపడి వెనక్కి తరిమారు. నలుగురైదుగురిని తరమగలరు, వందల మంది వస్తే ఏం చేస్తారు? అలా పుట్టింది సామూహిక ప్రవేశం ఆలోచన. ఏప్రిల్ 24 ఆదివారం ముహూర్తం పెట్టి, ముందే అందరికీ చాటారు. నాయకుడు బెన్నీ రోథ్‌మన్ వయసు 20. మాంచెస్టర్ స్టేషన్‌లో పోలీసులు కాచుకుని ఉంటే, అతను సైకిల్ తొక్కుకుంటూ హేఫీల్డ్ చేరాడు. అక్కడి మైదానంలో సభ పెట్టనిచ్చేలా లేరు. దాంతో అందరూ బౌడెన్ బ్రిడ్జ్ రాతి క్వారీకి తరలిపోయారు. మాట్లాడాల్సిన మనిషి వెనక్కి తగ్గడంతో రోథ్‌మనే బండమీదికెక్కి మాట్లాడాడు.

దాదాపు నాలుగు వందల మంది పాటలు పాడుకుంటూ విలియం క్లఫ్ లోయ వెంట కదిలారు. ఒకచోట బాట వదిలి ఏటవాలుకు అడ్డంపడి ఎక్కారు. పైన గేమ్‌కీపర్లు కాచుకుని ఉన్నారు. తోపులాటలో ఒక కీపరు కాలికి దెబ్బ తగిలింది. అంతకుమించి పెద్దగా ఏమీ జరగలేదు. ఆశప్ హెడ్ దగ్గర, ఎడేల్ వైపు నుంచి వచ్చిన షెఫీల్డ్ బృందాన్ని కలుసుకుని, సంబరపడి దిగివచ్చారు. కొండ నడినెత్తికి వాళ్లు చేరనే లేదు. హేఫీల్డ్‌లో పోలీసులు కీపర్లను వెంటబెట్టుకుని నిలబడి, గుర్తుపట్టిన కొందరిని పట్టుకున్నారు.

అనుమతి లేకుండా ఒకరి భూమిలో నడవడం అప్పటి చట్టం ప్రకారం నేరం కూడా కాదు, సివిల్ తగాదా. అందుకే అల్లర్ల అభియోగం మోపారు. జులైలో డెర్బీ కోర్టులో, సైనికాధికారులూ గ్రామీణ భూస్వాములూ నిండిన గ్రాండ్ జ్యూరీ ముందుకు కేసు వెళ్లింది. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. తన తరఫున తానే వాదించుకున్న రోథ్‌మన్‌కు నాలుగు నెలలు.

ఇక్కడొక నిజం చెప్పాలి. చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ర్యాంబ్లర్ల, అంటే కాలినడక ప్రియుల, సంఘాలు ఈ చొరవను సమర్థించలేదు. తమ చర్చలు చెడిపోతాయని భయపడ్డాయి. జాతీయ పార్కులు వచ్చింది ఈ ఒక్క రోజు వల్లే అనడం ఆ పాత సంఘాలకు అన్యాయం చేయడమే. కానీ కొండెక్కినందుకు జైలేమిటని, ఈ పద్ధతి నచ్చనివాళ్లు కూడా మండిపడ్డారు. ఆ వారాల్లో కార్యకర్తగా ప్రచారం చూసిన ఇవాన్ మెకాల్ రాసిన 'మాంచెస్టర్ ర్యాంబ్లర్' పాట ఇప్పటికీ కొండల్లో నడిచేవారి నోళ్లలో ఉంది.

1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. 1951లో ఈ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి జాతీయ పార్కయింది. 1965లో ఎడేల్ నుంచి స్కాట్లాండ్ సరిహద్దు దాకా పెన్నైన్ వే అనే కాలిబాట తెరిచారు. 1982లో కిండర్ నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ చేతికి వచ్చింది. 2002 ఏప్రిల్‌లో, 70 ఏళ్ల పండుగకు, పదకొండో డ్యూక్ స్వయంగా వచ్చి తన తాతలనాటి తప్పుకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. రోథ్‌మన్ అంతకు మూడు నెలల ముందే కన్నుమూశాడు.

బాట దిగి స్వేచ్ఛగా తిరిగే హక్కు 2000 నాటి చట్టంతో వచ్చింది. అయితే అది కొండలకూ, బీడు మైదానాలకూ, ఉమ్మడి నేలలకూ మాత్రమే. ఇంగ్లండ్‌లో ఆ హక్కు దక్కిన భూమి సుమారు 8 శాతం. చాలా అడవులూ నదీతీరాలూ ఆ చట్టం పరిధిలోకి రావు. వాటి కోసం కొత్త తరం ఇంగ్లండ్‌లో మళ్లీ సామూహిక ప్రవేశాలు చేస్తోంది.