ఒంటి మీద పరాయి పెత్తనం: జాంబీ నుంచి బాణామతి దాకా

జాంబీ అంటే మనుషుల్ని కరిచి తినే శవం అన్న ఊహ 1968లో జార్జ్ రొమేరో తీసిన సినిమాతో స్థిరపడింది. అంతకుముందు జాంబీ ఎవరినీ కరిచేది కాదు. హైతీలో ఆఫ్రికా బానిసల సంతతి చెప్పుకున్న కథల్లో అది ఒక దౌర్భాగ్యుడి పేరు. మంత్రగాడు చచ్చినవాణ్ణి గోతిలోంచి లేపి చెరకు తోటలో పనికి పెడతాడు. చావుతోనైనా చాకిరీ తప్పుతుందన్న ఆశ కూడా మిగలదు. 1804లో బానిసత్వాన్ని కూలదోసి స్వతంత్రమైన ఆ దేశాన్ని 1915లో అమెరికా ఆక్రమించి, జనాన్ని బలవంతంగా రోడ్డు పనులకు తోలింది. అదే ఆక్రమణ కాలంలో, 1929లో, విలియం సీబ్రూక్ రాసిన పుస్తకం ఆ కథను అమెరికాకు చేర్చింది. 1932 నాటి ‘వైట్ జాంబీ’ సినిమాలో చక్కెర మిల్లు తిప్పేది జీవచ్ఛవాలే. ఆర్థిక మాంద్యంలో ఉన్న ప్రేక్షకులు ఆ మిల్లులో తమ కూలి బతుకును కూడా చూసి ఉంటారనడం అతిశయోక్తి కాదు. ఆ కథల్లో భయపెట్టేది శవం కాదు, శవాన్ని ఆడించే యజమాని.

ఈ తొలి రూపాన్ని గుర్తుపెట్టుకుంటే మనకు దానికి దగ్గరి చుట్టం సినిమా హాల్లో కాక సిద్దిపేట పల్లెల్లో కనిపిస్తుంది. 2016 దాకా సిద్దిపేట ఉమ్మడి మెదక్ జిల్లాలో భాగం. ఆ జిల్లా పేరు చెబితే ఒకప్పుడు పత్రికలు చదివేవాళ్లకు బాణామతి అనే చేతబడి గుర్తొచ్చేది. ఇంటి మీద రాళ్లు పడటం, బట్టలు వాటంతట అవే అంటుకోవడం, ఆడవాళ్లు ఒళ్లు తమ అదుపులో లేనట్టు ఊగిపోయి ఊళ్లో ఒకరి పేరు పలకడం దాని లక్షణాలుగా చెప్పుకునేవారు. వీటిలో ఒళ్లు ఊగిపోవడం లాంటివాటిని మానసిక వైద్యులు తీవ్రమైన ఒత్తిడి శరీరం ద్వారా బయటపడే తీరుగా గుర్తించారు. బాణామతిలో శవం లేవదు కదా, దీనికీ జాంబీకీ పోలికేమిటని అడగవచ్చు. లేవకపోయినా మూలభయం ఒకటే: నా ఒళ్లు నా మాట వినడం లేదు, ఇంకెవరో ఆడిస్తున్నారు. దొరల వెట్టిచాకిరీలో తరాల తరబడి మనిషికి తన ఒంటి మీద తనకు హక్కు లేని నేల ఇది. బాణామతికి వెట్టే కారణమని నేననను. నమ్మకం అంతకన్నా పాతదై ఉండవచ్చు. కానీ ఆ భయానికి ఇక్కడ నేల మెత్తగా ఉందనడానికి సందేహించను.

పోలిక ఒకచోట తెగిపోతుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. హైతీ కథలో దోషి బలవంతుడు. తెలంగాణ పల్లెలో వేలు చూపేది తరచు బలహీనుడి మీదికి: ఒంటరి ముసలివాళ్లు, ఊరికి మందులిచ్చే పేదవాళ్లు, దళితులు. మంత్రం పలకకుండా వాళ్ల పళ్లు పీకారు, కొట్టారు, సజీవంగా తగలబెట్టారు. భయం పైవాడి వల్ల పుట్టినా, కసి తీర్చుకున్నది కిందివాడి మీద.

ఇదంతా చదువులేనివాళ్ల వ్యవహారమని తీసిపారేస్తే 1980ల తొలినాళ్ల తెలుగు పాఠకుల మాటేమిటి? ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం వారం వారం ఎదురుచూసినవాళ్లు చదువుకున్నవాళ్లే. ఆస్తి మీది దురాశ ఓ పసిపిల్ల మీద క్షుద్రప్రయోగంగా మారే కథ అది. అప్పుడప్పుడే డబ్బు చూస్తున్న మధ్యతరగతికి అది పోతుందేమోనన్న దిగులు, పక్కవాడి కడుపుమంట మీద అనుమానం అందులో ఉన్నాయి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. ఇలాంటి రచన మూఢనమ్మకానికి డాక్టర్ల నోటితో ఆమోదం తెస్తుందన్నది ఆమె వాదన. ఆ అభ్యంతరాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. సాహిత్యం భయానికి అద్దం మాత్రమే అంటే తప్పించుకోవడమే అవుతుంది. చేతబడి పేరుతో మనుషుల్ని చంపుతున్న రోజుల్లో చేతబడి నిజం కావచ్చని చెప్పే కథకు పూచీ ఉంటుంది. అయినా ఆ నవల కాలసాక్ష్యంగా పనికిరాకుండా పోదు. లక్షణం చెప్పే రోగి మాట కూడా వైద్యుడికి అవసరమే.

2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’లో ప్రశాంత్ వర్మ జాంబీలను రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లోకి దించాడు. కరోనా టీకా ప్రయోగం వికటించడం అందులో మూలం. మంత్రగాడి చోట్లోకి ప్రయోగశాల వచ్చింది, ఒంటి మీద అదుపు పోయే భయం అలాగే ఉంది. ఆ సినిమాలో నేరం మోపడానికి ఊరి చివర ముసలమ్మ అక్కరలేదు. మెదక్ పల్లెల్లో ఆ మాత్రం మార్పు వచ్చి ఉంటే ఎందరో బతికేవారు.