కాలవ వదిలే రోజులు

ఒరే అబ్బాయ్, ఆ ఫోను బోర్లించి చలిమంట దగ్గరికి జరుగు. యానాం అంటే ఫ్రెంచి కబుర్లే అడుగుతావు గానీ, కాలవ సంగతి ఎప్పుడన్నా అడిగావా?

గోదారి గుమ్మంలోనే ఉన్నా చేలకి నీళ్లుండేవి కావుట. వానాకాలం ముంచేది, వేసవిలో సముద్రపు పోటెక్కి ఉప్పయ్యేది. 1833 డొక్కల కరువులో జనం మలమల మాడారు. ఆ తరవాత కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట మొదలెట్టి 1852కి ముగించాడు. ఆనకట్ట ఇంగ్లీషు వాళ్లది, దాని కాలవ చేరే మన ఊరు ఫ్రెంచి వాళ్లది. చుట్టూ వాళ్ల జిల్లా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల మనం. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు! జెండా ఎవరిదైతే దానికేం?

మా చిన్నప్పుడు తపాలా బిళ్లల మీద ఫనోలు, కాష్‌లు ఉండేవి. ఎనిమిది ఫనోలు ఒక రూపాయి, అంటే ఫనో మన బేడే. నాయనమ్మకి ఆ మాట నోరు తిరక్క "బేడ బిళ్ల పట్రా" అనేది.

అవతల ఇంగ్లీషు వాళ్ల వైపు 1930లో బాల్యవివాహాలు వద్దనే శారదా చట్టం అమలైంది, ఇవతల లేదు. ఇంకేం, పసిపిల్లల పెళ్లిళ్లకి బళ్లు కట్టుకొచ్చేసేవారు. ఓ పెళ్లికొడుకు పీటల మీదే కునికితే మేనమామ చెవి మెలేసి లేపాడు. నవ్వకు, పక్కనున్న పిల్ల వాడికంటే చిన్నది. ఆఁ, కాలవ దగ్గర కదూ ఆగాం?

వేసవిలో కాలవ కట్టేసేవారు. అంతకుముందే చెరువు నింపుకోవాలి, లేకపోతే కావిడి మోతే గతి. మళ్లీ జూన్‌లో వదిలేవారు. పిల్లలం గట్టు మీద కాపు కాసేవాళ్లం. ముందు నురగ, దాని మీద ఎండుటాకులు, గడ్డిపరకలు, ఓ తెగిన చెప్పు. వెనక ఎర్రనీళ్లు, ముసలాడి నడకలా. నెర్రెల్లోకి దిగుతుంటే బుడబుడమని చప్పుడు. మేం ఆ నురగకి ఎదురుగా నిలబడి, పాదం తడిసే లోపు ఓ అడుగు వెనక్కి వేసేవాళ్లం. అలా ఊళ్లోకి తోడ్కొచ్చేవాళ్లం, ఏదో మా పెంపుడు ఆవైనట్టు.

1954 జూన్ 13న ఫ్రెంచి జెండా దిగింది. కాగితాల తంతు తేలేసరికి 1962 అయిందిలే. జెండా దిగిన రోజు ఊరంతా కేకలు, పరుగులు. రొప్పుకుంటూ చేలోకెళ్లి చెప్పాను. నాన్న పార భుజానేసుకుని బోదె గట్టు మీదున్నారు.

"సరేలే. నీళ్లెంత దాకా వచ్చాయో చూసి రా."